పాత గీజర్‌తోనే వేడినీళ్ళ ఖర్చు తగ్గించుకోవడం ఎలా

డిసెంబరు వచ్చిందంటే విశాఖలో ఏసీలు ఆగిపోతాయి, తెల్లవారుజామున ఎవరో ఒకరు లేచి ఫ్యాన్ కూడా తగ్గించేస్తారు, అయినా కరెంటు బిల్లు మాత్రం అనుకున్నంత దిగదు. మా ఇంట్లోనూ అంతే. ఎంవీపీ కాలనీలో ఫ్లాటు, ఐదుగురం, బాత్రూమ్‌లో పద్నాలుగేళ్ళ నాటి 25 లీటర్ల గీజర్. ఒక చలికాలంలో నెలకి 265 యూనిట్లు వచ్చింది. చూడ్డానికి వచ్చిన మెకానిక్ "పాతదైపోయింది మేడమ్, కరెంటు తాగేస్తోంది, మార్చెయ్యండి" అన్నాడు. మార్చలేదు. తర్వాతి నెల అదే గీజర్‌తో 190 యూనిట్లు వచ్చింది. ఏం చేశామో, ఏ వరుసలో చేశామో, చాలామంది చెప్పే వాటిలో ఏది చేసినా దండగో ఇక్కడ రాస్తున్నాను. మీ ఇంట్లో కూడా పాత గీజర్ ఉంటే, దాని ట్యాంకు కారకుండా ఉంటే, ఇవన్నీ మీకూ పనికొస్తాయి.

ఇల్లు వెచ్చబెట్టుకునే ఖర్చు మనకెలాగూ లేదు. అరకు, లంబసింగి వైపు చుట్టాలున్నవాళ్ళకి తెలుసు, అక్కడ చలి వేరు. ఒక్క మాట మాత్రం చెప్పాలి, అటు వెళ్ళినప్పుడు తలుపులన్నీ బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకండి, ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. మన ఊళ్ళో చలికాలం ఖర్చంటే స్నానం నీళ్ళే.

ముందు కాస్త లెక్క

ఇది దాటేసి వెళ్ళకండి, మిగతాదంతా దీని మీదే నిలబడుతుంది. లీటరు నీళ్ళు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే ఒక కిలో క్యాలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటు అంటే 860 కిలో క్యాలరీలు. గీజర్‌లో నీళ్ళు కాచే కడ్డీ, అంటే ఎలిమెంట్, నీళ్ళలోనే మునిగి ఉంటుంది కాబట్టి అది తీసుకున్న కరెంటంతా నీళ్ళకే వేడిగా చేరుతుంది, పాతదైనా అంతే, నిన్న కొన్నదైనా అంతే. అంటే పాత గీజర్ నీళ్ళు కాచడానికి ఎక్కువ కరెంటు తాగుతుందనే మాట నిజం కాదు. పాతదానికీ కొత్తదానికీ తేడా ఒక్కచోటే వస్తుంది, కాచిన నీళ్ళని చల్లారకుండా ఎంతసేపు పట్టి ఉంచుతుందన్న దగ్గర.

ఇప్పుడు 25 లీటర్లని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకి తేవాలంటే 875 కిలో క్యాలరీలు, అంటే ఒక యూనిట్ కంటే కొద్దిగా ఎక్కువ. 2000 వాట్ల గీజర్‌కి అది అరగంట పని. అదే ఒక మనిషికి 20 లీటర్ల బకెట్టు నీళ్ళు 40 డిగ్రీల గోరువెచ్చగా కావాలంటే 300 కిలో క్యాలరీలు చాలు, యూనిట్‌లో మూడో వంతు. మనిషికి మూడో వంతు యూనిట్ అన్నప్పుడు ఐదుగురికి రోజుకి రెండు యూనిట్లు కూడా కాకూడదు. మరి మీ గీజర్‌కి నాలుగైదు యూనిట్లు పోతోందంటే మిగతావి ఎక్కడికి పోతున్నాయన్నదే మనం వెతకాల్సింది.

డబ్బుల లెక్క కూడా చూడండి. మన కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ బిల్లులో శ్లాబులు ఉంటాయి కదా, 2022 ఏప్రిల్‌లో వచ్చిన రేట్ల ప్రకారం మొదటి 30 యూనిట్లు 1.90 రూపాయలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు, అక్కడి నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. వెనకటి ఖర్చుల సర్దుబాటు కింద వేసే ట్రూ అప్ చార్జీలూ ఫిక్స్‌డ్ చార్జీలూ వీటికి అదనం. మీ చేతిలో ఉన్న బిల్లులో ఏ రేట్లు ఉన్నాయో ఒకసారి సరిచూసుకోండి. దీనిలో గమనించాల్సింది ఏమిటంటే, ఫ్రిజ్జూ లైట్లూ ఫ్యాన్లూ ఎలాగూ ఆపలేం కాబట్టి మీరు తగ్గించే ప్రతి యూనిట్టూ పై శ్లాబులోంచే తగ్గుతుంది. మాకు 265 నుంచి 190కి దిగితే కేవలం యూనిట్ల ఖర్చే 1367 నుంచి 807కి వచ్చింది, నెలకి 560 రూపాయలు.

మొదటి పని: లైటు చూసి కనిపెట్టండి

ఏదీ కొనకముందు, ఎవరినీ పిలవకముందు, ఒక్క ఆదివారం ఈ పని చెయ్యండి. పొద్దున్న స్నానాలన్నీ అయ్యాక గీజర్ ఆన్ చేసి, దాని ఎర్రలైటు ఆరిపోయేదాకా ఆగండి. ఆరిన టైము కాగితం మీద రాయండి. ఇక సాయంత్రం దాకా ఎవరూ వేడినీళ్ళ కుళాయి తిప్పకూడదు, స్విచ్చి మాత్రం ఆన్‌లోనే ఉండాలి. నీళ్ళు వాటంతట అవి చల్లారుతుంటాయి, కొన్ని డిగ్రీలు దిగగానే థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి పనిచేసే లోపలి స్విచ్చి, మళ్ళీ ఆన్ చేస్తుంది, లైటు వెలుగుతుంది. ఎన్ని గంటలకోసారి వెలుగుతోంది, వెలిగినప్పుడు ఎన్ని నిమిషాలు ఉంటోంది, ఈ రెండూ కావాలి.

మా ఇంట్లో ఆ పని మా అత్తయ్యగారికి అప్పజెప్పాను, ఆవిడ బాత్రూమ్ ఎదురుగా కుర్చీ వేసుకుని, ఒళ్ళో చిక్కుడుకాయలు పెట్టుకుని ఈనెలు తీస్తూ, క్యాలెండర్ వెనకాల పెన్సిల్‌తో టైములు రాశారు. దాదాపు మూడున్నర గంటలకోసారి, ఒక్కోసారి ఆరు నిమిషాలు. 2000 వాట్ల గీజర్ ఆరు నిమిషాలు వెలిగితే 0.2 యూనిట్. రోజుకి ఏడుసార్లు అనుకుంటే 1.4 యూనిట్లు, నెలకి 42. అంటే ఒక్క చుక్క వాడకుండా, స్విచ్చి వేసి వదిలేసినందుకే 8.75 శ్లాబులో నెలకి 360 రూపాయలు దాటిపోతోంది. గోడ వేడెక్కడానికి కడుతున్న డబ్బు అది.

మీకు మూడు నాలుగు గంటలకోసారి వెలిగితే పాత గీజర్‌కి అది మామూలే. గంటకోసారి వెలుగుతోందంటే మాత్రం రెండింట్లో ఒకటి, లోపలి ఇన్సులేషన్ తడిసి పాడైపోయింది, లేదా ఎక్కడో వేడినీళ్ళు కారుతున్నాయి. రెండోది ముందు చూడండి, ఎందుకంటే అది పైసా ఖర్చు లేకుండా తెలుస్తుంది.

లైటు కాలిపోయిన గీజర్ అయితే మీటరుతో చూడొచ్చు. ఎలక్ట్రానిక్ మీటరు మీద చిన్న ఎర్ర బల్బు మిణుకు మిణుకుమంటూ ఉంటుంది, పక్కనే యూనిట్‌కి ఎన్ని మిణుకులో అంకె ముద్రించి ఉంటుంది, చాలా మీటర్లకి అది 3200. ఇంట్లో మిగతావన్నీ ఆపి గీజర్ ఒక్కటే ఉంచి నిమిషం పాటు లెక్కపెట్టండి. 2000 వాట్లకి నిమిషానికి 107 దాకా రావాలి, అంత వేగంగా కొట్టుకుంటున్నప్పుడు లెక్కపెట్టడం కష్టం, ఫోన్‌లో వీడియో తీసి నెమ్మదిగా నడిపి చూడండి. గీజర్ స్విచ్చి ఆపేసినా, అన్నీ ఆపేసినా కూడా మిణుకుతూనే ఉంటే అది గీజర్ సంగతి కాదు, ఇంకెక్కడో కరెంటు పోతోంది, అప్పుడు ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

రెండో పని: స్విచ్చి పద్ధతి మార్చండి

పెద్ద పొదుపుల్లో ఇదొకటి, దీనికి ఖర్చు లేదు, ఇంట్లో అందరూ ఒప్పుకోవాలి అంతే.

60 డిగ్రీల వేడినీళ్ళని 25 డిగ్రీల చన్నీళ్ళతో కలిపి 40 డిగ్రీల బకెట్టు చేసుకుంటే దాంట్లో వేడినీళ్ళు తొమ్మిది లీటర్ల లోపే. అంటే 25 లీటర్ల గీజర్ ఒక్కసారి నిండా కాగితే దాదాపు మూడు బకెట్లు. కాబట్టి స్నానాలు వరసగా పెట్టుకోండి. మేం ఐదున్నరకి ఆన్ చేస్తాం, ఆరింటికి ఆపేస్తాం, ముగ్గురు వెంటవెంటనే చేసేస్తారు. తర్వాత ఇద్దరి కోసం మరో ఇరవై నిమిషాలు. ఒకరు ఆరింటికి, ఒకరు ఎనిమిదింటికి, ఇంకొకరు పదింటికి అన్నట్టు ఉంటే మధ్యలో చల్లారినదాన్ని మళ్ళీ మళ్ళీ కాస్తూ ఉండాలి. ఆఫీసూ స్కూలూ షిఫ్టులూ వల్ల అందరికీ కుదరదని తెలుసు, స్టీల్‌ప్లాంట్ షిఫ్టులు చేసేవాళ్ళ ఇళ్ళలో మరీ కష్టం. అలాంటప్పుడు ఒక్క మనిషి కోసం గీజర్ నిండా కాగేదాకా ఆగక్కర్లేదు. పన్నెండు నిమిషాలు ఉంచితే 25 లీటర్లూ 40 డిగ్రీల దాకా వస్తాయి, చన్నీళ్ళు కలపకుండా నేరుగా పట్టుకుని పోసుకోవచ్చు.

స్నానానికి వెళ్ళేముందు స్విచ్చి ఆపండి. ఇది కరెంటు కోసం ఒక్కటే కాదు. మీరు నీళ్ళు వాడుతున్నకొద్దీ చన్నీళ్ళు లోపలికి వచ్చి చేరతాయి, స్విచ్చి ఆన్‌లో ఉంటే వాటిని కూడా కాచేస్తుంది, మీరు బయటికొచ్చేసరికి ఎవరికీ అక్కర్లేని వేడినీళ్ళు ట్యాంకు నిండా తయారుగా ఉంటాయి. పైగా పాత గీజర్‌లో ఎర్త్ సరిగ్గా లేకపోతే తడి ఒంటితో ఉన్నప్పుడు ప్రమాదం. సముద్రపు గాలికి మన ఊళ్ళో ఎర్త్ వైరు బిగింపులు తొందరగా తుప్పు పడతాయి, ఆ మాట తర్వాత మళ్ళీ చెప్తాను.

మరిచిపోతామనుకుంటే టైమరు పెట్టుకోండి, కానీ 16 ఆంప్స్‌దే కొనండి. 2000 వాట్లంటే తొమ్మిది ఆంప్స్ దగ్గరికి వస్తుంది, 6 ఆంప్స్ ప్లగ్గు కరిగిపోతుంది.

ఇలా ఆపి ఆపి వాడేవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోవాలి. గోరువెచ్చని నీళ్ళు రోజుల తరబడి ట్యాంకులో నిలవ ఉంటే వాటిలో బాక్టీరియా పెరుగుతుంది. వారానికి ఒక్కసారైనా లైటు ఆరేదాకా పూర్తిగా కాగనివ్వండి. పండగకి వారం పది రోజులు ఊరెళ్ళి వచ్చాక కూడా మొదట అలా నిండా కాచి, ఆ తర్వాతే వాడండి. థర్మోస్టాట్ చాలా ఎక్కువలో ఉందనిపిస్తే, అంటే కుళాయి కింద చెయ్యి పెట్టలేనంత పొగలు కక్కుతుంటే, మెయిన్ బోర్డులో గీజర్‌కి కరెంటు ఆపే ఎంసీబీ స్విచ్చి దించి, కింద మూత విప్పి ఆ చిన్న నాబ్‌ని 60 దగ్గరికి తిప్పించండి. అంతకంటే బాగా తగ్గించమని మాత్రం నేను చెప్పను, కారణం పైన చెప్పిందే.

మూడో పని: ఎన్ని నీళ్ళు, ఏ వేళ

షవర్ కింద ఏడెనిమిది నిమిషాలు నిలబడితే 60 లీటర్లు సులువుగా పోతాయి, అంటే ఒక యూనిట్ పైనే. బకెట్టు స్నానానికి మూడు రెట్లు. మా ఇద్దరు పిల్లలూ షవర్ మానేసి బకెట్టూ చెంబూ పట్టుకున్నాక ఒక్క దాంతోనే నెలకి నలభై యూనిట్ల దాకా తగ్గింది, స్విచ్చి పద్ధతి మార్చినదానికంటే ఇదే ఎక్కువ. గొడవ పెట్టలేదు, నెల రోజుల మీటరు రీడింగు ఫ్రిజ్ తలుపు మీద అంటించాం, పెద్దవాడు తనే రోజూ వెళ్ళి అంకె రాసుకొచ్చేవాడు. మీ ఇంట్లో షవర్ మానడం కుదరకపోతే తక్కువ నీళ్ళు వదిలే షవర్ హెడ్ మార్చండి, లేదా చలికాలం మటుకు షవర్ వాల్వు సగానికి తిప్పి ఉంచండి.

వేళ సంగతి మన ఊరికి బాగా పనికొచ్చేది. మేడ మీద నల్ల సింటెక్స్ ట్యాంకులో నీళ్ళు పగలంతా ఎండలో ఉంటాయి. జనవరిలో ఒక రోజు వంటింటి థర్మామీటరు పెట్టి చూశాను, తెల్లారి ఐదున్నరకి కుళాయి నీళ్ళు 22 డిగ్రీలు, మధ్యాహ్నం మూడింటికి 29. 40కి చేర్చడానికి పొద్దున్న 18 డిగ్రీలు కాచాలి, మధ్యాహ్నం 11 చాలు. అంటే పిల్లల తలంటు, పసిపిల్లల స్నానం సాయంత్రం చీకటి పడకముందు పెట్టుకుంటే మూడో వంతు పైగా కరెంటు మిగులుతుంది. పూర్వం బాలింతల ఇళ్ళలో పొద్దున్నే గంగాళంతో నీళ్ళు పెరట్లో ఎండలో పెట్టి, మధ్యాహ్నానికి ఆ ఎండనీళ్ళతోనే పాపకి పోసేవారు. బాల్కనీకి ఎండ తగిలే ఫ్లాట్లలో ఇప్పటికీ చెయ్యొచ్చు, మూత మాత్రం తప్పకుండా పెట్టండి.

పెద్దవాళ్ళ దగ్గర పొదుపు చెయ్యకండి. మా అత్తయ్యగారు కార్తీకమాసం అంతా తెల్లవారకముందే స్నానం చేస్తారు, చన్నీళ్ళే పోసుకుంటానంటారు, కీళ్ళనొప్పులతో ఆ చలిలో వద్దని బతిమాలి ఆవిడ కోసం ఐదింటికి పన్నెండు నిమిషాలు గీజర్ వేస్తున్నాను. 0.4 యూనిట్. అది తగ్గించాల్సిన ఖర్చు కాదు.

పైపులు, కుళాయిలు

గీజర్ ఒక బాత్రూమ్‌లో ఉండి పైపు వంటింటికో రెండో బాత్రూమ్‌కో వెళ్తుంటే, ముప్పావు అంగుళం పైపు పది మీటర్లలో రెండున్నర లీటర్ల నీళ్ళు నిలవుంటాయి. మీరు కుళాయి తిప్పగానే మొదట వచ్చేవి ఆ చల్లారిన నీళ్ళే, వాటిని వదిలెయ్యకుండా బకెట్టులోనే పట్టండి, ఎలాగూ చన్నీళ్ళు కలపాలి కదా. వంటింట్లో రెండు గిన్నెలు కడగడానికి దూరంగా ఉన్న గీజర్ తిప్పడం శుద్ధ దండగ, వేడినీళ్ళు సింకు దాకా వచ్చేలోపే పని అయిపోతుంది, వచ్చిన వేడంతా పైపులోనే చల్లారుతుంది. బయటికి కనిపించే పైపు అయితే ఏసీ పైపులకి తొడుగుతారే, ఆ నల్ల ఫోమ్ గొట్టం, అది తెచ్చి తొడగండి, ఏసీ సామాన్ల షాపుల్లో మీటర్ల లెక్కన అమ్ముతారు. గోడలో ఉన్న పైపులకి చెయ్యగలిగింది ఏమీ లేదు.

ఒకే పిడి ఉండే మిక్సర్ కుళాయిల సంగతి ఎవరూ చెప్పరు. పిడి మధ్యలో ఉంటే చేతులు కడుక్కున్నా సగం నీళ్ళు గీజర్‌లోంచే వస్తాయి. ఎప్పుడూ చన్నీళ్ళ వైపు తిప్పి వదిలెయ్యడం ఇంట్లో అందరికీ అలవాటు చెయ్యండి.

వేడినీళ్ళ కుళాయి సెకనుకో చుక్క కారుతుంటే రోజుకి నాలుగు లీటర్ల పైనే పోతాయి, గీజర్ ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఇంట్లో అది నెలకి ఐదు యూనిట్లు. వాషర్ మార్చడానికి పది నిమిషాలు చాలు. గీజర్ కింద సేఫ్టీ వాల్వులోంచి కాగుతున్నప్పుడు కొద్దిగా చుక్కలు పడటం వేరు, అది దాని పని, దాన్ని ఎంసీల్ పెట్టి మూసేసిన ఇల్లు నేను చూశాను, దయచేసి ఆ పని చెయ్యకండి, ట్యాంకు పేలిపోతుంది. ఎప్పుడూ ఆగకుండా కారుతుంటే వాల్వు మార్చండి.

పాత బొంతలు, దుప్పట్లు గీజర్ చుట్టూ చుట్టమని చెప్పేవాళ్ళు ఉన్నారు. వద్దు. కింద వైర్ల బిగింపులుంటాయి, వాల్వు ఉంటుంది, గుడ్డ తడిసినా కాలినా ప్రమాదమే, వచ్చే లాభం స్విచ్చి ఆపితే వచ్చేదానిలో పావు కూడా ఉండదు.

ఏడాదికోసారి లోపల శుభ్రం

బోరు నీళ్ళు వాడే అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళకి ఇది తప్పదు. నగరపాలక సంస్థ (జీవీఎంసీ) కుళాయి నీళ్ళు మాత్రమే వాడేవాళ్ళకి రెండు మూడేళ్ళకోసారి చాలు. మీ నీళ్ళు ఎలాంటివో తెలియకపోతే వంటింట్లో నీళ్ళు కాచే గిన్నె అడుగు చూడండి, తెల్లగా సున్నంలా పట్టి ఉంటే గీజర్‌లోనూ అదే ఉంది.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. "సున్నం పట్టి కరెంటు డబుల్ అవుతోంది" అని చెప్పి ఎలిమెంట్ మార్చేవాళ్ళు ఉన్నారు. ఎలిమెంట్ మీద పెచ్చు కట్టినా దాని వేడి చివరికి నీళ్ళలోకే వెళ్ళాలి, కాబట్టి బిల్లు దాంతో పెద్దగా పెరగదు. పెచ్చు వల్ల ఎలిమెంట్ లోపల విపరీతంగా వేడెక్కి తొందరగా కాలిపోతుంది, థర్మోస్టాట్ గొట్టానికి సున్నం పడితే అది ఆలస్యంగా ఆపుతుంది, నీళ్ళు అవసరానికి మించి కాగుతాయి, ట్యాంకు అడుగున రాళ్ళలా పేరుకుని నీళ్ళ చోటు తగ్గిపోతుంది. శుభ్రం చెయ్యాల్సింది వీటికోసం.

విధానం ఇది. ఎంసీబీ ఆపాలి, గోడ మీద స్విచ్చి ఒక్కటే ఆపితే సరిపోదు. ఒక పూట నీళ్ళు చల్లారనివ్వాలి. గీజర్‌లోకి వచ్చే నీళ్ళ వాల్వు కట్టేసి, వేడినీళ్ళ కుళాయి తెరిచి, కింద డ్రెయిన్ ప్లగ్గు నుంచి ట్యాంకు ఖాళీ చెయ్యాలి. కింద మూత, ఎలిమెంట్‌ని పట్టి ఉంచే రేకు, అంటే ఫ్లాంజి, దాని బోల్టులు విప్పితే ఎలిమెంట్ బయటికొస్తుంది. దాన్ని బకెట్టులో గోరువెచ్చని నీళ్ళు పోసి, లీటరుకి రెండు మూడు చెంచాల చొప్పున నిమ్మ ఉప్పు వేసి, వైర్లు తగిలించే కొనలు పైకి ఉండేలా, తడవకుండా నానబెట్టాలి. బుసబుసమని నురగ వస్తుంది, గంటలో పెచ్చులు ఊడిపోతాయి. మాదాన్ని మొదటిసారి విప్పినప్పుడు ఎలిమెంట్ వేలెడు లావున తెల్లటి మొక్కజొన్న కండెలా ఉంది, అడుగు నుంచి చేటెడు పెంకులు వచ్చాయి. బాత్రూమ్ కడిగే యాసిడ్ మాత్రం వాడనివ్వకండి, సున్నంతో పాటు రాగినీ ట్యాంకు పూతనీ తినేస్తుంది.

అదే ఫ్లాంజికి ఒక మెగ్నీషియం రాడ్ ఉంటుంది. ట్యాంకుకి బదులు తను అరిగిపోవడమే దాని పని, అది పూర్తిగా అరిగిపోతే తర్వాత ట్యాంకు తుప్పు మొదలవుతుంది. సన్నని తీగలా మిగిలి ఉంటే మార్పించండి, గీజర్ ధరలో అది ఒక మూల కూడా కాదు. నీళ్ళు కారకుండా ఫ్లాంజి కింద వేసే గ్యాస్కెట్ పాతదే బిగించకుండా కొత్తది వెయ్యండి. అన్నీ బిగించాక ముందు నీళ్ళు వదిలి, వేడినీళ్ళ కుళాయిలోంచి గాలి చప్పుడు పోయి ధార నిండుగా వచ్చిన తర్వాతే కరెంటు ఇవ్వాలి. ఖాళీ ట్యాంకులో ఎలిమెంట్ నిమిషాల్లో కాలిపోతుంది.

ఇది మీకు చేతకాదనిపిస్తే మెకానిక్‌తోనే చేయించండి, కానీ పక్కనే నిలబడండి. అప్పుడే ప్లగ్గూ సాకెట్టూ కూడా చూపించుకోండి. బీచ్‌కి దగ్గర్లో ఉన్న ఇళ్ళలో, లాసన్స్ బే, పెదవాల్తేరు, భీమిలి వైపు, ప్లగ్గు ఇత్తడి పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టేస్తుంది, పట్టు వదులై ప్లగ్గు వేడెక్కి నల్లబడుతుంది. గీజర్ ఆన్‌లో పావుగంట ఉన్నాక స్విచ్చి ఆపి ప్లగ్గు ముట్టుకోండి, చురుక్కుమంటే మార్చాల్సిందే. ఎర్త్ చూపించండి, బోర్డులో కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి. ఈ ఖర్చుకి వెనకాడకండి, మిగతా పొదుపంతా ప్రాణం ఉంటేనే కదా.

గ్యాస్ మీద కాస్తే చవకా, రాడ్డు చవకా

అందరూ అడిగేది ఇది. 14.2 కిలోల సిలిండరుతో స్టవ్ మీద నీళ్ళు కాస్తే, మంటలో కొంత పక్కలకి పోగా, సుమారు 110 యూనిట్ల కరెంటు చేసే పని చేస్తుంది. కాబట్టి మీరు కడుతున్న సిలిండరు ధరని 110తో భాగించండి. 900 అయితే యూనిట్‌కి ఎనిమిది రూపాయలు పైన. మీ బిల్లు 225 యూనిట్ల లోపే ఉంటే గీజరే చవక, 8.75 శ్లాబులో ఉంటే ఇంచుమించు సమానం, ఆ కాస్త తేడాకి మరుగుతున్న గిన్నెలు మోసుకుంటూ పిల్లల మధ్య నుంచి నడవడం నాకైతే మంచిదనిపించదు. గ్యాస్ గీజర్ పెట్టుకునేవాళ్ళు దాన్ని బాత్రూమ్ బయటే, గాలి ఆడేచోట పెట్టాలి, లోపల పెట్టి తలుపు వేసుకుంటే కుంపటి గురించి చెప్పిన ప్రమాదమే ఇక్కడా.

ఇమ్మర్షన్ రాడ్డు కూడా గీజర్ తీసుకున్నంతే తీసుకుంటుంది, ఒక్క బకెట్టే కాస్తుంది కాబట్టి వృథా ఉండదు, అంతవరకు నిజం. కానీ ఇనప బకెట్టు, తడి నేల, పసిపిల్లలున్న ఇంట్లో నేను దాన్ని రానివ్వను. వాడక తప్పకపోతే ప్లాస్టిక్ బకెట్టు వాడండి, ప్లగ్గు పీకిన తర్వాతే నీళ్ళలో వేలు పెట్టండి.

ట్యాంకు కారితే

కింద మూత దగ్గర తుప్పు నీళ్ళు కనబడితే, గ్యాస్కెట్ మార్చినా ఆగకపోతే, అప్పుడు మార్చండి, ట్యాంకు వెల్డింగులు చేయించొద్దు. కొనేటప్పుడు బీఈఈ స్టార్ లేబుల్ మీద 24 గంటలకి ఎంత కరెంటు ఊరికే పోతుందో అంకె ఉంటుంది, నక్షత్రాలతో పాటు ఆ అంకెను పోల్చండి, మా అత్తయ్యగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ కొలిచినది అదే. బకెట్టు స్నానాల ఇంట్లో నలుగురికి 15 లీటర్లది చాలు. బోరు నీళ్ళయితే ట్యాంకు లోపల గ్లాస్ పూత ఉన్నది అడగండి.

సొంత మేడ ఉన్నవాళ్ళకి సోలార్ వాటర్ హీటర్ మంచిదే, మన ఊళ్ళో ఎండకి కొదవ లేదు. దాని స్టాండుని మాత్రం మేడ శ్లాబులోకి బోల్టులు దింపి గట్టిగా బిగించమనండి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను గాలులు గంటకి 180 కిలోమీటర్లు దాటాయి, ఇటుకలు పేర్చి నిలబెట్టినవేవీ అలాంటి రోజున ఆగవు.

పాత గీజర్‌ని కొత్తది బిగించడానికి వచ్చినవాళ్ళకి ఊరికే ఇచ్చెయ్యకండి. ముందు మూత విప్పించి ట్యాంకు దేనిదో చూడండి, బాగా పాతవాటిలో కొన్నింటికి రాగి ట్యాంకు ఉంటుంది, కాటా వేయించి అమ్మితే కొత్తదాని ధరలో కొంత భాగం అక్కడే వచ్చేస్తుంది.